నగోయా టొయోటా మ్యూజియం: కార్ల కోసం కాదు, మగ్గాల కోసం వెళ్లండి

లీన్ (టొయోటా పద్ధతిలో వృథా తగ్గించి తయారు చేయడం) శిక్షణ తరగతులకు డబ్బు ధారపోసే కంపెనీలు, జపాన్ వెళ్లే తమ ఇంజనీర్లను ఒక పూట ఈ మ్యూజియానికి పంపితే ఆ ఖర్చుకు అర్థం ఉంటుంది. పేరు టొయోటా పరిశ్రమ, సాంకేతిక స్మారక మ్యూజియం. చాలామంది మగ్గాల హాలును పదినిమిషాల్లో చుట్టేసి కార్ల హాలుకు పరుగెడతారు. చేయాల్సింది దానికి సరిగ్గా తలకిందులు.

టొయోటా సంస్థలకు మూలపురుషుడు, మగ్గాల ఆవిష్కర్త సకిచి టొయోడా 1911లో నేత ఫ్యాక్టరీ పెట్టిన స్థలం ఇది. పాత ఎర్ర ఇటుకల కట్టడాన్ని అలాగే నిలబెట్టి 1994లో మ్యూజియంగా తెరిచారు. మెయితెత్సు నగోయా నుంచి లోకల్ రైలెక్కితే తర్వాతి స్టేషనే సాకో, అక్కణ్నుంచి మూడు నిమిషాల నడక. సోమవారం సెలవు. సగం రోజు పెట్టుకోండి, అందులో ఎక్కువ భాగం మగ్గాలకే.

ఇక్కడి యంత్రాలు అద్దాల వెనక దుమ్ము పట్టి లేవు, సిబ్బంది వాటిని నడిపి చూపిస్తారు. ఆగాల్సిన చోటు 1924 నాటి జీ రకం మగ్గం. పడుగులో ఒక్కో దారానికీ ఒక సన్నని లోహపు రేకు తగిలించి ఉంటుంది, మన మిల్లుల్లో డ్రాపర్ అనేది అదే. దారం బిగువుగా ఉన్నంతసేపు రేకు దాని మీద వేలాడుతుంది. దారం తెగిందా, రేకు జారి కింద ఊగుతున్న పట్టీకి అడ్డం పడుతుంది, మగ్గం ఆగిపోతుంది. ఎలక్ట్రిక్ సెన్సర్ ఏదీ లేదు, పని చేసేది రేకు బరువే. నాడెలో నూలు అయిపోవస్తే మాత్రం మగ్గం ఆగదు, నడుస్తూనే కొత్త నాడెను లోపలికి తోసుకుని పాతదాన్ని బయటికి పంపుతుంది. మామూలుగా జరిగేదానికి ఆగకూడదు, తేడా వస్తే మాత్రం క్షణం కూడా నడవకూడదు. ఈ రెండూ ఒకే యంత్రంలో పక్కపక్కన చూడటానికైనా టికెట్ కొనొచ్చు. ఇంగ్లండ్‌లోని నేత యంత్రాల కంపెనీ ప్లాట్ బ్రదర్స్ 1929లో ఈ మగ్గం హక్కులకు లక్ష పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకుంది.

సిరిసిల్ల మరమగ్గాల చప్పుడు ఎరిగినవాళ్లకు ఇందులో గొప్ప ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. డ్రాపర్ లేని సాదా మగ్గం మీద పడుగు పోగు తెగితే, ఎవరో ఒకరు చూసేదాకా గుడ్డ పొడవునా గీత పడుతూనే ఉంటుంది. అందుకే మనిషి మగ్గానికి కాపలా కాయాలి. మగ్గం తనంతట తాను ఆగితే మనిషి కాపలా మానేసి పదుల మగ్గాలు చూసుకోగలడు, తెగిన చోట అతుకేసి మళ్లీ నడిపిస్తాడు. టొయోటా వాళ్లు జిదోకా అనేది దీన్నే. ఈ నేత మిల్లు అనుభవంతోనే, తర్వాత టొయోటా ఉత్పత్తి పద్ధతికి రూపం ఇచ్చిన ఇంజనీరు తాయిచి ఓనో 1943లో కార్ల కంపెనీకి వచ్చి, 1940ల చివర్లో మెషిన్ షాపులో ఒక్క మనిషికి రెండు మూడు యంత్రాలు అప్పగించాడు. ఒకే యంత్రం మీద చేయి తిరిగిన పనివాళ్లు గట్టిగానే ఎదురు తిరిగారు.

మ్యూజియంలో లోటు ఇక్కడే. మగ్గం ఆగితే ఎవరూ కోప్పడరు, మనిషి లైన్ ఆపితే కోప్పడతారు. ఈ రెండో సంగతి గోడల మీద తక్కువే కనిపిస్తుంది, ముందే తెలుసుకుని వెళ్లాలి. అసెంబ్లీ లైన్‌లో తేడా కనిపించిన పనివాడు ఆండాన్ తాడు (సాయం పిలిచే తాడు) లాగితే ముందు పసుపు దీపం వెలుగుతుంది, లైన్ అప్పుడే ఆగదు. కారు ఆ స్టేషన్ చివరి గీత చేరేలోపు టీమ్ లీడర్ వచ్చి చూడాలి. సర్దితే తాడు మళ్లీ లాగి దీపం ఆర్పుతాడు, కుదరకపోతే గీత దగ్గర లైన్ ఆగుతుంది. నిమిషానికో కారు దిగే లైన్ అయితే అతని చేతిలో ఉండేవి కొన్ని సెకన్లే. అందుకే అయిదు నుంచి ఎనిమిది మందికి ఒక టీమ్ లీడర్‌ను పెట్టి, అతన్ని వీలైనంతవరకు స్థిరమైన స్టేషన్‌కు కట్టేయకుండా ఉంచుతారు.

మన దగ్గర చాలా ఫ్యాక్టరీల్లో దీపాలు, బజర్లు కొంటారు, ఖాళీగా ఉండే ఆ టీమ్ లీడర్‌ను మాత్రం దండగ ఖర్చని తీసేస్తారు. నలభై మందికి ఒక సూపర్‌వైజర్, అతనూ రిపోర్టు రాసుకుంటూ ఉంటాడు. బజర్ మోగిన పావుగంటకు వచ్చి మొదట అడిగే మాట "ఎవడ్రా ఆపింది?". నెల తిరిగేసరికి బజర్ మోగదు. డ్యాష్‌బోర్డు పచ్చగా ఉంటుంది, తప్పుల్ని మళ్లీ సరిచేసే రీవర్క్ బల్ల నిండిపోతుంది. ముందు మనిషిని పెట్టి, పిలిస్తే వస్తాడన్న నమ్మకం కుదిరాక దీపం కొన్నా ఆలస్యం కాదు.

ఆ నమ్మకానికి టొయోటా కట్టిన మూల్యం చిన్నదేమీ కాదు. 1950లో దివాలా అంచుకు చేరి సమ్మె జరిగింది, దాదాపు 2,000 మంది ఉద్యోగాలు పోయాయి, అధ్యక్షుడు, సకిచి కొడుకు కీచిరో టొయోడా రాజీనామా చేశాడు. పనివాళ్ల సూచనల పథకం మొదలైంది ఆ మరుసటి ఏడాదే. కార్మిక సంఘం, యాజమాన్యం కలిసి ఉమ్మడి ప్రకటన చేయడానికి 1962 దాకా పట్టింది. పద్ధతి మెరుగుపడితే మిగిలిన మనిషిని ఇంటికి పంపే చోట, తన పని తగ్గే సూచన ఎవడూ రాయడు. కైజెన్ పెట్టె (పనివాళ్లు మెరుగుదల సూచనలు వేసే పెట్టె) ఖాళీగా ఉంటే సూచనకు ఇచ్చే బహుమతి పెంచే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

కార్ల హాలు చరిత్రగా బాగుంటుంది. టొయోటా తొలినాళ్ల ఏఏ మోడల్ కారు, అప్పటి తయారీ పద్ధతులు ఇష్టంగానే చూస్తాం. 600 టన్నుల ప్రెస్ ముందు అందరూ ఫొటోలు దిగుతారు. అక్కడ డై (రేకును నొక్కి ఆకారం ఇచ్చే అచ్చు) ఎంత పెద్దదో గమనించండి. టొయోటాలో 1,000 టన్నుల ప్రెస్‌కు డై మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. సలహాదారు షిగెయో షింగో సాయంతో దాన్ని మొదట గంటన్నరకు, చివరికి మూడు నిమిషాలకు తెచ్చారు. యంత్రం ఆపాక చేయాల్సిన పనిని, నడుస్తుండగానే చేసిపెట్టుకోగల పనిని విడదీయడం అందులో మొదటి మెట్టు. ఇంత పెద్ద ఇనుమును చూశాక ఆ మూడు నిమిషాల విలువ తెలుస్తుంది.

మగ్గాల హాలుకు అయిదుకు అయిదు, కార్ల హాలుకు మూడున్నర. టీమ్‌ను తీసుకెళ్తుంటే జీ మగ్గం ప్రదర్శన రెండుసార్లు చూపించండి. మొదటిసారి అందరి కళ్లూ నాడె మీదే ఉంటాయి, రేకు పడటం రెండోసారికి గానీ కనబడదు.