పేరుకు 50,000, చేతిలో 2,000

డాలస్‌లో ఆఫీసుకు లాగిన్ అయ్యే ముందు కాసేపు నాస్‌డాక్ ఫ్యూచర్స్ (అమెరికా షేర్ల సూచీ మీద కాంట్రాక్టులు) ట్రేడింగ్ చేస్తుంటాను. ఫీజు కట్టి ఫండెడ్ ఖాతా, అంటే కంపెనీ ఇచ్చే డబ్బుతో ట్రేడ్ చేసే ఖాతా, తీసుకున్నా. కంపెనీ పేరు వద్దులెండి. పేరుకు 50,000 డాలర్లు. 2,000 పోతే ఖాతా మూత, అంటే అసలు పెట్టుబడి అదే.

మొదటి రోజు ఒక ఈ-మినీ (నాస్‌డాక్ ఫ్యూచర్స్ కాంట్రాక్టు) కొన్నా. పాయింటుకు 20 డాలర్లు. 45 పాయింట్లు పెరిగి 900 లాభం చూపించింది. టీ కలుపుకొచ్చేలోపు కొన్న ధరకే వచ్చేసింది. నష్టమేం లేదనుకున్నా, తీరా చూస్తే ఖాతా మూతపడే లోపు పోగొట్టుకోగలిగేది ఇక 1,100 మాత్రమే! బుక్ చేయని లాభానికి కూడా వీళ్లు ఖాతా మూసే హద్దు పైకి జరుగుతుందట. ఆ ముక్క ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది.

ఇప్పుడు మైక్రోలే (ఈ-మినీలో పదో వంతు కాంట్రాక్టులు), పాయింటుకు 2 డాలర్లు. రెండు తీసుకుని 40 పాయింట్లు పడగానే దానంతటదే అమ్మేసేలా స్టాప్ పెడితే పోయేది 160, కమీషన్ కాక. బోరే, కానీ టెన్షన్ లేదు.

ప్లాట్‌ఫామ్ మాత్రం బాగుంది. ఐదుకు మూడు స్టార్లు.