సింగపూర్ మదరసాల చదువు: ఒక తెలుగు ముస్లిం తండ్రి పరిశీలన

నరసరావుపేట నుంచి వచ్చి సింగపూర్‌లో స్థిరపడిన మేము, మా అమ్మాయికి దీనీ (మత సంబంధమైన) చదువూ లోకజ్ఞానమూ ఒకే కప్పు కింద దొరుకుతాయేమోనని, మితవాదమూ స్థానికతా కలిసిన మతవిద్య ఇస్తాయన్న పేరున్న ఇక్కడి మదరసాలను పరిశీలించాము. పూర్తికాలపు మదరసాలు ఆరు ఉన్నాయి. వాటిలో అల్-ఇర్షాద్, అల్-అరబియా, అల్జునైద్ 2009 నుంచి ముయిస్ (సింగపూర్ ఇస్లామిక్ మతమండలి) ఆధ్వర్యంలో ఉమ్మడి వ్యవస్థగా నడుస్తున్నాయి. మొదటిది ప్రాథమిక విద్యకే పరిమితం కాగా, ఆపైన అల్-అరబియా లౌకిక విషయాలకూ, 1927లో స్థాపించిన అల్జునైద్ మతవిద్యకూ ఎక్కువ చోటిస్తాయి.

నాకు నచ్చిన మొదటి అంశం జవాబుదారీతనం. మదరసా పిల్లలు కూడా పన్నెండేళ్ల వయసులో పీఎస్ఎల్ఈ (ప్రాథమిక విద్య ముగింపున జరిగే జాతీయ పరీక్ష) రాయాలి. నిర్దేశించిన కనీస ప్రమాణాన్ని పదేపదే అందుకోలేని మదరసా ఒకటో తరగతిలో కొత్త పిల్లలను చేర్చుకునే అవకాశాన్ని కోల్పోతుంది. మతం పేరు చెప్పి లెక్కలను పక్కన పెట్టే వీలు లేదన్నమాట.

అల్జునైద్‌లో ఐబి (ఇంటర్నేషనల్ బకలారియెట్ అనే అంతర్జాతీయ పాఠ్యక్రమం) డిప్లొమా కూడా ఉందని తెలిసినప్పుడు మొదట అనుమానమే కలిగింది. కానీ ఆ డిప్లొమాలోని జ్ఞానసిద్ధాంత పాఠం ‘నీకు తెలుసన్నది నీకెలా తెలుసు?’ అని అడుగుతుంది. ఇస్లామీయ ధర్మశాస్త్ర మూలసూత్రాలను చర్చించే ఉసూలుల్ ఫిఖ్ కూడా ఒక ధర్మనిర్ణయానికి ఆధారమేమిటి, ఆ ఆధారం ఎంత బలమైనదని శతాబ్దాలుగా అడుగుతూనే ఉంది. ఈ రెండింటినీ చదివే విద్యార్థికి ఒకటి పరాయిదనీ మరొకటి సొంతమనీ అనిపించనక్కరలేదు. మితవాదమంటే నమ్మకాన్ని పలుచన చేయడమని భావించేవారు (మా బంధువుల్లోనూ ఉన్నారు) ఈ పోలికను గమనించాలి. అయితే అరబ్బీ, మతవిషయాలతో పాటు నాలుగు వేల పదాల పరిశోధనా వ్యాసం కూడా రాయాలంటే భారం తక్కువేమీ కాదు.

నా అసలు పేచీ ‘స్థానికం’ అన్న మాటతో. ఈ మదరసాల్లో స్థానికమంటే ప్రధానంగా మలయ్ భాష, మలయ్ మర్యాద. అది సహజమే, ఈ నేల వాళ్లది. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే మావంటి ముస్లింలకు ఆ చట్రంలో చోటు వెతుక్కోవలసి వస్తుంది. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో మాతృభాషగా హిందీ, ఉర్దూ తీసుకునే వీలున్నా తెలుగుకు అదీ లేదు.

మదరసాలన్నింటిలో కలిపి ఏటా ఒకటో తరగతి సీట్లు 400కు మించవు కనుక సీటు దొరకడం తేలిక కాదు. అయినా దరఖాస్తు చేస్తున్నాము. అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను; తెలుగు నేర్పే పని వాళ్ల నానమ్మకు అప్పగించాము.