అమ్మానాన్నలు అమెరికా వస్తున్నారు: ఇన్సూరెన్స్ ఇండియాలో కొనాలా, అమెరికాలో కొనాలా?

వేసవి టికెట్ల వేట మొదలైందంటే మా వాట్సాప్ గ్రూపులో ఇదే ప్రశ్న. వీసా స్టాంపింగ్ అయిపోయింది, టికెట్లు కొన్నాం, వీల్‌చెయిర్ కూడా పెట్టించాం, ఇంతకీ ఏ ఇన్సూరెన్స్ తీసుకోమంటారు? ఈమధ్యే మా అత్తామామల కోసం నేనూ ఈ లెక్కలన్నీ వేసుకున్నాను. అడిగినవాళ్ళందరికీ విడివిడిగా టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఒకేచోట రాస్తున్నాను.

షెంగెన్ వీసాకైతే కనీసం 30,000 యూరోల కవర్ చూపించాల్సిందే. అమెరికా బి2 (విజిటర్) వీసాకి అలాంటి షరతు లేదు. అందుకే "ఆరు నెలలేగా, ఏమవుతుందిలే" అనే ధీమా ఉన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళతో నాకు పేచీ లేదు, ఇది వాళ్ళకోసం రాస్తున్నదీ కాదు. క్రెడిట్ కార్డుతో ఉచితంగా వస్తుందని చెప్పే కవర్‌ను మాత్రం నమ్ముకోకండి. అది ఎవరికి, ఎన్ని రోజులకి వర్తిస్తుందో చదివితే చాలు, మీకే అర్థమవుతుంది.

ఇక మిగిలినవి మూడు: అమెరికా ఫిక్స్‌డ్ బెనిఫిట్, ఇండియా ట్రావెల్ పాలసీ, అమెరికా కాంప్రిహెన్సివ్. అమెరికాలో అమ్మే విజిటర్ ఇన్సూరెన్స్‌లో చవక రకాన్ని ఫిక్స్‌డ్ బెనిఫిట్ అంటారు. ఈఆర్‌కి (ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగానికి) ఇంత, ఎక్స్‌రేకి ఇంత, సర్జన్‌కి ఇంత అని పాలసీలో పట్టిక ఉంటుంది. పట్టికలో ఈఆర్‌కి 400 డాలర్లని ఉండి, బిల్లు 4,000 వచ్చిందనుకోండి. మిగతా 3,600 కొడుకో అల్లుడో కట్టుకోవాల్సిందే. పైన లక్ష డాలర్ల పాలసీ అని రాసి ఉన్నా, ఆ లక్ష దాకా వెళ్ళే దారే ఉండదు. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

ఇండియా ట్రావెల్ పాలసీని అలా కొట్టిపారేయలేం. ప్రీమియం రూపాయల్లో కట్టొచ్చు. బ్యాగు పోయినా, పాస్‌పోర్టు పోయినా ఎంతోకొంత వస్తుంది. కంపెనీతో గొడవొస్తే ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, అక్కడ ఫిర్యాదుకి ఫీజు లేదు. అయితే 60 దాటినవాళ్ళకి చాలా పాలసీల్లో సబ్‌లిమిట్లు పెడతారు. గది అద్దెకి రోజుకింత, ఆపరేషన్‌కి ఇంత అని. చూస్తే మళ్ళీ ఆ పట్టికే, పేరు మార్చుకుని వచ్చినట్టు.

నా మటుకు అసలు తేల్చేది ఇంకొకటి ఉంది. ఇండియా పాలసీల్లో క్యాష్‌లెస్ ఎక్కువగా అడ్మిట్ అయినప్పుడే పనిచేస్తుంది. అడ్మిట్ కాకపోతే ముందు మనం కట్టి, బిల్లులన్నీ పోగేసి, తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. మనం ఊహించుకుని టెన్షన్ పడేది గుండెపోటు గురించి. పెద్దవాళ్ళకి ఇక్కడ తరచూ జరిగేది మాత్రం పడిపోవడం. కార్పెట్ వేసిన మెట్లు, అంచు ఎత్తుగా ఉండే బాత్‌టబ్, చలికాలమైతే డ్రైవ్‌వే మీద కంటికి కనపడని మంచు పొర.

మా నాన్నగారు వచ్చినప్పుడు జరిగిందే చెబుతాను. హవాయి చెప్పులేసుకుని మెయిల్‌బాక్స్ దాకా వెళ్ళి జారిపడ్డారు, మణికట్టు విరిగింది. ఈఆర్‌లో ఎక్స్‌రే తీసి, కట్టు కట్టి, సాయంత్రానికి ఇంటికి పంపేశారు. వైద్యం దగ్గర ఏ ఇబ్బందీ రాలేదు. 1986 నాటి ఎంటాలా చట్టం ప్రకారం, మెడికేర్ (అమెరికాలో పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) తీసుకునే ఆసుపత్రి ఈఆర్ ఎవరొచ్చినా, డబ్బున్నా లేకున్నా పరీక్షించి, ఎమర్జెన్సీ అయితే స్థిమితపడేదాకా చూడాల్సిందే. కథంతా తర్వాత పోస్టులో వచ్చే బిల్లులతో మొదలైంది. ఆసుపత్రి బిల్లు ఒకటి, ఈఆర్ డాక్టరుది వేరే, ఎక్స్‌రే చదివిన రేడియాలజిస్టుది ఇంకోటి. ఆ రేడియాలజిస్టు మొహం మేమెవరం చూడనే లేదు. దేని అకౌంట్ నంబరు దానిదే, దేని గడువు దానిదే.

ఆయనకి తీసుకున్నది మూడోది, అమెరికా కాంప్రిహెన్సివ్ పాలసీ. అంటే ఒక్కోదానికి ఇంత అనే పట్టిక లేకుండా, మన వాటా పోను మిగతా బిల్లు పాలసీ పరిమితి దాకా కంపెనీ కట్టేది. కౌంటర్లో కార్డు చూపిస్తే క్లెయిమ్ వాళ్ళే నేరుగా కంపెనీకి పంపారు. కొన్నాళ్ళకి కంపెనీ నుంచి, పైన "ఇది బిల్లు కాదు" అని రాసిన కాగితం వచ్చింది. ఒక గడిలో ఆసుపత్రి అడిగింది, పక్కన నెట్‌వర్క్ రేటు (ఆసుపత్రితో ముందే ఒప్పందం చేసుకున్న తగ్గింపు రేటు), ఆ పక్కన కంపెనీ కట్టింది, చివర్న మన వాటా. మొదటి గడికీ రెండో గడికీ మధ్య ఉన్న తేడా చూస్తే ప్రీమియం ఎందుకు కట్టామో తెలిసింది. సొంతంగా ఫోన్లు చేసి బతిమాలుకున్నా ఆసుపత్రివాళ్ళు కొంత తగ్గిస్తారు, నిజమే. కానీ ఉద్యోగం చేసుకుంటూ ఒక్కో బిల్లుకీ ఒక్కో ఫోన్ ఎవరు చేస్తారు?

ఇందులోనూ మెలికలున్నాయి. ప్రీమియం బాగా ఎక్కువ. పాత జబ్బులకి, అంటే బీపీ, షుగర్ లాంటివాటికి, ఉన్నట్టుండి విషమిస్తేనే కవర్, అదీ సాధారణంగా 24 గంటల్లోపు వైద్యానికి వెళితేనే. రొటీన్ చెకప్‌లకీ, అయిపోయిన మాత్రలకీ రాదు. అందుకే మందులు, ప్రిస్క్రిప్షన్ అక్కడినుంచే తెచ్చుకోమనండి. 70 దాటితే గరిష్ఠ కవర్ తగ్గిస్తారు. 80 దాటితే చాలా పాలసీల్లో అది మరీ తక్కువ, అప్పుడు మాత్రం ఇండియా పాలసీని కూడా పక్కన పెట్టుకుని పోల్చండి. నలభైల్లో ఉన్న అన్నయ్య రెండు వారాలకి చుట్టపుచూపుగా వస్తుంటే ఇండియా పాలసీ చాలు, ఎక్కువ ఆలోచించొద్దు.

అరవై దాటి నెలల తరబడి ఉండేవాళ్ళకైతే నేను కాంప్రిహెన్సివే తీసుకుంటాను. అత్తామామలకీ అదే తీసుకున్నాం. ప్రీమియం తగ్గాలంటే డిడక్టిబుల్ (కంపెనీ కట్టడం మొదలుపెట్టేముందు మనం కట్టాల్సిన మొత్తం) కాస్త పెంచుకోండి, కవర్ మాత్రం తగ్గించొద్దు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ దాకా వెళితే 50,000 డాలర్లు ఏ మూలకీ రాకపోవచ్చు. వచ్చాక కూడా కొనొచ్చుగానీ, ఆలోపు తగిలిన దెబ్బకి పైసా రాదు. విమానం ఎక్కే రోజునుంచే మొదలుపెట్టండి.

కొన్నాక పాలసీలో ఈఆర్ గురించిన పేరా ఒకటి చదవండి. కొన్నిట్లో జబ్బుతో ఈఆర్‌కి వెళ్ళి అడ్మిట్ కాకుండా తిరిగొస్తే అదనపు డిడక్టిబుల్ ఉంటుంది, దెబ్బ తగిలి వెళితే ఉండదు. మామూలు జ్వరాలకీ చిన్న చిన్న కుట్లకీ అర్జెంట్ కేర్ (అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్ళే క్లినిక్) చాలు. ఇంటికి దగ్గర్లో, మీ నెట్‌వర్క్‌లో ఉన్నదేదో ముందే చూసి, ఆ అడ్రసు, ఇన్సూరెన్స్ కార్డు ఫొటో వాళ్ళ ఫోన్లో పెట్టండి, మీరు ఆఫీసులో ఉన్నప్పుడు పనికొస్తుంది.