కంప్యూటర్ ఆన్ కాగానే లేచే ప్రోగ్రాములు: వేటితో ఆపడం మేలు?

మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసులోనైనా, నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గరి జిరాక్స్ షాపులోనైనా కంప్యూటర్ ఆన్ చేసి ఐదు నిమిషాలైనా పని మొదలుపెట్టలేకపోతే వినిపించే సలహా ఒకటే: ఫార్మాట్ చేయించండి. నాకు నచ్చని సలహా ఇది. డిగ్రీ అడ్మిషన్ల రోజుల్లో ఇంటర్నెట్ సెంటర్ ముందు పిల్లలు వరుసకట్టి నిలబడి ఉంటే, ఒక పూటంతా యంత్రాన్ని మూలన పడేసి, టాలీ డేటా నుంచి ప్రింటర్ డ్రైవర్ దాకా అన్నీ మళ్లీ ఎక్కించుకోవడం చిన్న నష్టం కాదు. పైగా చాలా యంత్రాల్లో విండోస్ చెడిపోయి ఉండదు. లాగిన్ కాగానే పిలవకుండా లేచే ప్రోగ్రాములు ఎక్కువై ఉంటాయి, అంతే.

ప్రింటర్‌తో వచ్చిన అప్‌డేటర్, కరోనా కాలంలో పెట్టుకున్న మీటింగ్ యాప్, పాటల యాప్, బ్రౌజర్, రెండు మూడు చాటింగ్ యాప్‌లు. ఇవన్నీ ఒకేసారి డిస్కు మీద పడతాయి. పాత హార్డ్ డిస్కులో చదివే ముల్లు ఒక్కటే. అది ఇటూ అటూ తిరుగుతూ చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను సెకనుకు వంద చొప్పున ఏరడమే గొప్ప. అందుకే ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా తెర కదలదు.

వీటిని ఆపడానికి విండోస్‌లోనే రెండు సులువైన చోట్లు ఉన్నాయి. ఒకటి సెట్టింగ్స్‌లో యాప్స్ కింద ఉండే స్టార్టప్ పేజీ. 2018లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌తో ఇది చేరింది. పేరు పక్కనే ఆన్, ఆఫ్ మీట ఉంటుంది. కంప్యూటర్ అంటే జంకే వాళ్లకు ఇది చాలు. రెండోది టాస్క్ మేనేజర్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. విండోస్ 8 నుంచి స్టార్టప్ జాబితా ఇందులోనే ఉంది. అంతకుముందు విండోస్ 7లో సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో ఉండేది. ఇప్పుడు అక్కడికి వెళ్లినా టాస్క్ మేనేజర్‌కే దారి చూపుతుంది.

ఈ రెండింట్లో నా ఓటు టాస్క్ మేనేజర్‌కే. పేరు మీద కుడి మౌస్ నొక్కితే ఆ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో చూపిస్తుంది. అర్థంకాని పేరు ఎదురైనప్పుడు దిక్కు చూపేది అదే. సెట్టింగ్స్‌లో ఆ సౌకర్యం లేదు. ప్రభావం ఎంతో రెండు చోట్లా కనిపిస్తుంది. హై అని ఉంటే, మొదలయ్యేటప్పుడు ఆ ప్రోగ్రాము ప్రాసెసర్‌ను 1 సెకనుకు మించి వాడిందని, లేదా డిస్కుతో 3 ఎంబీకి మించి పని పెట్టుకుందని అర్థం. కానీ హై అని ఉన్నవన్నీ తీసేయకండి. అది బరువును చెబుతుంది, అవసరాన్ని చెప్పదు. యాంటీవైరస్, సౌండ్, టచ్‌ప్యాడ్‌కు సంబంధించిన పేర్లను అలాగే వదిలేయండి. వన్‌డ్రైవ్‌ను ఆపేముందు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు దానికి ముడిపడి ఉన్నాయో లేదో చూడండి. ముడిపడి ఉంటే, మళ్లీ దాన్ని తెరిచేదాకా కొత్త ఫైళ్లు ఆన్‌లైన్‌లోకి వెళ్లవు.

ఆపడం అంటే అన్‌ఇన్‌స్టాల్ చేయడం కాదని కూడా చెప్పాలి. యాప్ ఎక్కడికీ పోదు, తెరిస్తే తెరుచుకుంటుంది. పొరపాటుగా ఆపిన దాన్ని అదే చోట మళ్లీ ఎనేబుల్ చేయవచ్చు. ఈ భరోసా ఉంది కాబట్టే షాపులో పనిచేసే కుర్రాడి చేతికి ధైర్యంగా అప్పగించదగిన సాధనం టాస్క్ మేనేజర్.

అసలు ప్రమాదం సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లోని సర్వీసెస్ ట్యాబ్‌తో. సర్వీసులంటే తెర మీద కనబడకుండా వెనక నడిచే ప్రోగ్రాములు. మైక్రోసాఫ్ట్ సర్వీసులను దాచి, మిగిలినవన్నీ డిసేబుల్ చేయమని వీడియోల్లో చెబుతుంటారు. ఏ ప్రోగ్రాము తేడా చేస్తోందో కనిపెట్టడానికి కొద్దిసేపు వాడాల్సిన పద్ధతి అది. రోజూ అలాగే నడపడానికి కాదు. మీసేవ కేంద్రంలో, ఆధార్‌తో డబ్బులిచ్చే కస్టమర్ సర్వీస్ పాయింట్‌లో వేలిముద్ర యంత్రం పనిచేయాలంటే వేలిముద్రను ఆధార్ తనిఖీకి అందించే దాని ఆర్‌డీ సర్వీసు వెనక నడుస్తూ ఉండాలి. అది మైక్రోసాఫ్ట్‌ది కాదు కాబట్టి ఆ ఒక్క నొక్కుతో అదీ ఆగిపోతుంది. మర్నాడు పింఛను డబ్బుల కోసం దేవరకొండ తండాల నుంచి ఆటోలో వచ్చిన ముసలమ్మ వేలు ఎన్నిసార్లు పెట్టినా యంత్రం తీసుకోదు. ఆమె తన వేళ్లే అరిగిపోయాయనుకొని వెనుదిరుగుతుంది. రెండు నిమిషాల వేగం కోసం ఇంత అన్యాయం వద్దు.

మిగతా వృత్తులకూ ఇలాంటివి ఉన్నాయి. కాంట్రాక్టర్ల దగ్గర టెండర్లకు వాడే డిజిటల్ సంతకం టోకెన్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ షాపులో అనూ స్క్రిప్ట్ మేనేజర్ నడుస్తుంటేనే పేజ్‌మేకర్‌లో తెలుగు పడుతుంది. జాబితా తెరిచే ముందు పొద్దున వచ్చే మొదటి గిరాకీకి ఏమేం కావాలో ఒక కాగితం మీద రాసుకోండి. అందులో లేనివాటి జోలికే వెళ్లండి.

మరి ఆటోరన్స్ సంగతి? మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ తయారుచేసిన ఉచిత సాధనం ఇది. 2006లో వారి సంస్థను మైక్రోసాఫ్ట్ కొన్నది కాబట్టి ఇప్పుడు మైక్రోసాఫ్ట్ సైటులోనే దొరుకుతుంది. టాస్క్ మేనేజర్ స్టార్టప్ జాబితాలో కనిపించని సర్వీసులు, డ్రైవర్లు, షెడ్యూల్ పనులు, ఎక్స్‌ప్లోరర్‌కు అతుక్కున్న చిల్లర ముక్కలు అన్నీ చూపిస్తుంది. నాకెంతో ఇష్టమైన సాధనం. అయినా అందరికీ చెప్పను. టాస్క్ మేనేజర్‌లో ఆపినా ఏదో ప్రకటన కిటికీ లేస్తూనే ఉంటే, లేదా అన్‌ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాము దొరకడం లేదని రోజూ లాగిన్‌లో సందేశం వస్తుంటే, అప్పుడు దీన్ని తీయండి. మైక్రోసాఫ్ట్ ఎంట్రీలను దాచే ఎంపిక ఆన్ చేస్తే జాబితా చదవగలిగేంత చిన్నదవుతుంది. పసుపు రంగు వరుస అంటే ఫైలు అసలు లేదని అర్థం. ముందున్న టిక్ తీస్తే ఆగుతుంది, మళ్లీ పెట్టుకోవచ్చు. డిలీట్ మాత్రం నొక్కకండి.

ఒక్క నొక్కుతో వేగం అని ఊరించే క్లీనర్లు ఈ పోటీలోనే లేవు. వాటిలో చాలావరకు తామే స్టార్టప్‌లో చేరి కూర్చుంటాయి. విండోస్‌లో ఉచితంగా ఉన్న పనికి డబ్బులు అడుగుతాయి.

హార్డ్ డిస్కు బదులు చిప్‌లతో పనిచేసే ఎస్ఎస్‌డీ వేయిస్తే ఈ తలనొప్పంతా ఉండదు కదా అంటారు. పాత హార్డ్ డిస్కు ఉన్న యంత్రానికి ఎస్ఎస్‌డీ ఇచ్చే వేగాన్ని ఏ సర్దుబాటూ ఇవ్వలేదు, ఆ మాట నిజం. కదిలే ముల్లు లేదు కాబట్టి చెల్లాచెదురు ముక్కలను సెకనుకు వేల కొద్దీ తెస్తుంది. కానీ ర్యామ్ 4 జీబీ మాత్రమే ఉంటే వెనక నడిచే ప్రోగ్రాములు దాన్ని తింటూనే ఉంటాయి. కాబట్టి ముందు స్టార్టప్ సర్దండి. ఒక వారం చూసి, అప్పటికీ లాగిన్ తర్వాత డిస్కు 100 శాతం దగ్గరే కొట్టుకుంటుంటే ఖర్చు పెట్టండి. యూపీఎస్ లేని షాపుల్లో ఎండాకాలం కరెంటు పోయినప్పుడల్లా యంత్రం మళ్లీ లేవాలి. అలాంటి చోట ఆ ఖర్చు దండగ కాదు.

కొన్నింటిని ఆపకూడదు, అలాగని మొదటి నిమిషంలోనే లేవాల్సిన పనీ ఉండదు. రాత్రి లెక్కలను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసే ప్రోగ్రాము అలాంటిది. దాన్ని స్టార్టప్ జాబితాలో ఆపి, చెప్పిన వేళకు ప్రోగ్రాములను మొదలుపెట్టే విండోస్ సాధనం టాస్క్ షెడ్యూలర్‌లో లాగిన్ అయిన 30 నిమిషాలకు మొదలయ్యేలా పెట్టవచ్చు. మిల్లు కాంటా దగ్గరి తూకం ప్రోగ్రాము దీనికి పూర్తిగా వ్యతిరేకం. లారీ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటుంది కాబట్టి అన్నిటికన్నా ముందు అదే లేవాలి, మిగిలినవి దానికి దారి ఇవ్వాలి.

సర్దిన తర్వాత పరీక్షించేటప్పుడు షట్‌డౌన్ చేసి ఆన్ చేయకండి, రీస్టార్ట్ కొట్టండి. విండోస్ త్వరగా లేవడానికి ఉండే ఫాస్ట్ స్టార్టప్ అనే ఎంపిక ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ విండోస్‌ను పూర్తిగా దించదు, రీస్టార్ట్ దించుతుంది. ఆపినవి మళ్లీ లేస్తే సెట్టింగ్స్‌లో అకౌంట్స్ కింద సైన్ ఇన్ ఆప్షన్స్ చూడండి. తెరిచి ఉన్న యాప్‌లను గుర్తుపెట్టుకొని మళ్లీ సైన్ ఇన్ అయినప్పుడు తెరిచే ఎంపిక అక్కడ ఉంటుంది. స్టార్టప్ జాబితాతో దానికి సంబంధం లేదు, విడిగా ఆఫ్ చేయాలి.