వలిసె పూల వేళ నుంచి పొగమంచు రోజుల దాకా: మన్యంలో మూడు ప్రయాణాలు

ఆశ్వయుజం చివర ఒకసారి, కార్తీకంలో ఒకసారి, మార్గశిరంలో ఇంకొకసారి కెమెరా వెంటబెట్టుకుని అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలకు వెళ్లాను. గది ఎంత సౌకర్యంగా ఉందన్నదానికన్నా, తెల్లవారకముందే కొండమీద నిలబడడానికి ఆ బస ఎంతవరకు అనుకూలిస్తుందన్నదే ఇక్కడ ముఖ్యమని నాకు స్థిరపడింది.

అరకుకు విశాఖపట్నం నుంచి కిరండూల్ రైలులో వెళ్లాను. అద్దాల పెట్టెలో కూర్చుని సొరంగాలను, లోయలను చూడడం గొప్ప అనుభవమే గాని, అద్దంపై నీడలు పడడం వలన మంచి ఫోటో దక్కదు. పైగా రైలు చేరేసరికి ఎండ ముదురుతుంది. పొద్దువాలే వేళ ఏటవాలు వెలుగులో వలిసె చేల పసుపు, వెనుక కొండల నీలం నన్ను కట్టిపడేశాయి. అవి రైతు నూనెగింజల పంట. ఫోటోల కోసం చేలో దిగి పూలు తొక్కేవారిని చూస్తే మనసు కలుక్కుమంది. గట్టుమీదే నిలబడి, అనుమతి అడిగి, రైతు కోరిన కొద్ది రుసుము ఇవ్వడం న్యాయం. నేను దిగిన లాడ్జి శుభ్రంగానే ఉంది, కాని వారు కుదిర్చిన ఆటో తెల్లవారుజామున రాకపోవడంతో అరకు దగ్గరి మాడగడ కొండమీద సూర్యోదయం చేజారింది.

కార్తీకంలో పాడేరులో రెండు రాత్రులు ఉండి, దగ్గరలోని వంజంగి కొండకు ఉదయం 4 గంటలకే జీపులో బయలుదేరాను. బండి దిగాక రాళ్ల దారిలో నడక తప్పదు. టార్చి, పట్టున్న బూట్లు ఉండాలి. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి స్తంభించిన రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. బరువైన చల్లగాలి లోయలోకి జారి, పైనున్న వెచ్చని గాలి మూత వేసినట్లు అక్కడే నిలిచిపోతుంది. అందులోని తేమ తెల్లవారేసరికి పాలకడలిలా పరుచుకుంటుంది. కనుక అల్పపీడనం రోజులు మానుకుని, వాన వెలిసి ఆకాశం తేటపడ్డాక వెళ్లడం మేలు. మొదటి ఉదయం కొండ మొత్తం మబ్బులో మునిగి ఏమీ కనిపించలేదు. రెండవనాడు, సూర్యుడు రావడానికి ఇరవై నిమిషాల ముందు, శిఖరాలు లంకల్లా తేలాయి. తెల్లని మంచును కెమెరా బూడిదరంగుగా లెక్కకట్టి ఫోటోను నల్లబరుస్తుంది గనుక ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా తీసుకునే వెలుగును, ఒక స్టాప్ (రెట్టింపు) పెంచాను. బింబం పైకి వచ్చాక తగ్గించాను. వైడ్ లెన్స్ కన్నా, కొండల వరుసలను దగ్గరకు చేర్చే 70-200 మి.మీ. జూమ్ లెన్సే ఎక్కువ అక్కరకొచ్చింది.

సుమారు 1,000 మీటర్ల ఎత్తున్న లంబసింగికి డిసెంబరులో నర్సీపట్నం మీదుగా వెళ్లాను. ఆదివారం అక్కడికి దగ్గరలోని చెరువులవేనం కొండ దగ్గర ట్రైపాడ్ పెట్టడానికి చోటు దొరకలేదు. సోమవారం తాజంగి జలాశయం ఒడ్డున, నీటిమీద నుంచి పొగమంచు లేస్తుండగా, గంటన్నర సేపు నేనొక్కడినే ఉన్నాను. నేను బస చేసిన గిరిజన కుటుంబం చీకటితోనే లేపి, చలిమంట దగ్గర కాఫీ ఇచ్చి, ఒడ్డుదాకా దారి చూపింది. మూడు ప్రయాణాలలోనూ ఇంతకు మించిన సేవ నాకు అందలేదు. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కనుక రెండవదాన్ని లోపలి జేబులో ఉంచుకోవాలి. కెమెరాను వెచ్చని గదిలోకి తెచ్చేముందే సంచిలో మూసి గంటసేపు కదపకపోతే లెన్స్‌కు చెమ్మ పట్టదు.

వచ్చే కార్తీకంలో వంజంగికే మూడు ఉదయాలు కేటాయించుకున్నాను.