జనాభా లెక్కా, ప్రయాణ సమయమా?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎక్కడ పెట్టాలనేదానికి పాత కొలత జనాభా. మైదానంలో 30,000 మందికి ఒకటి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000కి ఒకటి. ఉపకేంద్రమైతే 5,000, 3,000. లెక్క తేలిక, నిధులు పంచడం కూడా తేలికే.

రెండో కొలత సమయం: మనిషి ఎంతసేపట్లో వైద్యం దగ్గరికి చేరగలడు?

కర్నూలు పడమటి మండలాలను చూడండి. కాగితం మీద ఇది మైదానమే. కానీ కోసిగి వైపు ఊళ్ల నుంచి సుగ్గి కాలంలో జనం గుంటూరు మిరప కోతలకు పోతారు. ఇళ్లలో మిగిలేది ముసలివాళ్లు, పిల్లలు. వైద్యం ఎక్కువ కావలసింది వాళ్లకే, బండి నడిపేవాళ్లేమో ఊళ్లో ఉండరు. మధ్యాహ్నం బస్సు తప్పితే బీపీ మాత్రలు రేపటికే. పైగా మన చేతిలో ఉన్న జనగణన 2011 నాటిది!

సమయం కొలతకూ చిక్కుంది. ఊరూరా రోడ్డు, బస్సు వేళలు లెక్కగట్టాలి, కేంద్రాలు పెరిగితే డాక్టర్లు, నర్సులు పెరగాలి. అయినా నా ఓటు దానికే. టీకాలకు, మందుల ఇండెంట్‌కు (ఎన్ని మందులు కావాలో రాసి పంపే పట్టీకి) జనాభా లెక్క సరిపోతుంది. కేంద్రం ఏ ఊళ్లో కట్టాలో మాత్రం పురిటి నొప్పులొచ్చిన మనిషి ఎంతసేపట్లో చేరుతుందో చూసి తేల్చాలి.