సెకండ్ హ్యాండ్ స్కూటర్ మీద శ్రీశైలం బయల్దేరేవాళ్లు ముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. పాత స్కూటర్ కొని దాని మీద దూరాలు వెళ్దామనుకునే వాళ్లకోసం ఇది రాస్తున్నాను. 2024 కార్తీకంలో నేనూ మా ఆవిడా నల్లమల అడవి మధ్యలో దాదాపు రెండు గంటలు రోడ్డు పక్కన నిలబడాల్సి వచ్చింది. బండి కొనేటప్పుడు దాని ఎడమ పక్క కవరు ఒక్కటి విప్పించి చూసి ఉంటే ఆ రోజు వచ్చేదే కాదు. మీకు ఆ పరిస్థితి రాకూడదని వివరంగా చెబుతున్నాను.

దసరా ముందు ఎల్బీనగర్ వైపు ఒక పాత బళ్ల షాపులో 110 సీసీ స్కూటర్ తీసుకున్నాను. 2017 మోడల్, రేటు 42,000. మీటరు మీద 16,000 కిలోమీటర్ల పైచిలుకు ఉంది. రంగు కొత్తగా మెరుస్తోంది, సీటు కవరు కొత్తది, సెల్ఫ్ ఒక్క నొక్కుకే అందుకుంది. "అన్నా, సింగిల్ ఓనర్ బండి. మేడం ఆఫీసుకు తప్ప ఎక్కడికీ తీయలే. శ్రీశైలం ఏంది, తిరుపతి కూడా పోయి రావొచ్చు" అన్నాడు షాపాయన. శ్రీశైలం వెళ్లే ఉద్దేశం ఉందని నేను ముందే చెప్పాను, అందుకే ఆ మాట అన్నాడు. కాలనీలో రెండు రౌండ్లు తిప్పి చూసి డబ్బు కట్టేశాను.

నా తప్పు అక్కడే మొదలైంది. కాలనీలో రెండు రౌండ్లు తిప్పితే స్కూటర్ సంగతి ఏమీ తెలియదు. ఇంటి నుంచి ఆఫీసుకు ఎనిమిది కిలోమీటర్లు వెళ్లినా తెలియదు. నెల రోజులు నేను రోజూ నడిపాను, నాకు ఏ తేడా కనిపించలేదు. ఇద్దరు ఎక్కి, బ్యాగు పెట్టుకుని, గంటల తరబడి ఆపకుండా, ఎత్తు మీద నడిపినప్పుడే లోపలి జబ్బులు బయటికి వస్తాయి.

ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు వనస్థలిపురం నుంచి బయల్దేరాం. సోమవారం పొద్దున్నే దర్శనం చేసుకోవాలని ప్లాన్. తుక్కుగూడ, కడ్తాల్ దాకా బాగానే ఉంది. ఆమనగల్లు దగ్గరికి వచ్చేసరికి స్పీడు 55 దాటితే ఫుట్‌బోర్డు కింద సన్నగా వణుకు మొదలైంది. రోడ్డు వల్ల అనుకున్నాను. డిండి దగ్గర టీ తాగి మళ్లీ బయల్దేరినప్పుడు బండి కదలడానికి ముందు ఒక కుదుపు ఇచ్చింది. "ఏమండీ, ఏదో కాలుతున్న వాసన వస్తోంది" అని మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర మా ఆవిడ అంది. ముందు వెళ్తున్న లారీ బ్రేకుల వాసన అయ్యుంటుందని చెప్పాను. అది మా బండిదే. ఎండలో పెట్టిన రబ్బరు చెప్పు మాడినట్టు ఉంటుంది ఆ వాసన, ఇప్పటికీ గుర్తుంది.

మన్ననూరు నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసేస్తారు, లోపల చాలా చోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. ఫరహాబాద్ దాటాక ఒక ఎత్తు మీద ఇంజను గోల పెరిగింది కానీ స్పీడు 25 దాటలేదు. యాక్సిలరేటర్ ఇంకాస్త తిప్పాను. ఎడమ కాలి కింద ఫట్‌మని శబ్దం. ఇంజను ఆగలేదు, హోరుమని తిరుగుతూనే ఉంది, వెనక చక్రం మాత్రం కదలడం లేదు. వెనకే ఒక టూరిస్టు బస్సు హారన్ కొడుతూ వస్తోంది. అసలే ఎత్తు, బండి వెనక్కి జారకుండా ఇద్దరం కాళ్లతో ఆపుకుంటూ పక్కకు లాగాం. ఆ కొన్ని క్షణాలు మా ఆవిడ నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందో చెప్పలేను.

అక్కడ నీడ ఉంది కానీ మనుషులు లేరు. కోతులు వచ్చి పులిహోర డబ్బా ఉన్న సంచి లాక్కెళ్లాయి. కార్లు ఆపి అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లందరికీ దండం, నీళ్లిచ్చారు, సీటు ఇస్తామన్నారు. కానీ బండిని ఎక్కించుకునే వీలు ఎవరికి ఉంటుంది? ఏదైనా బస్సు ఎక్కి ముందు నువ్వు వెళ్లు అన్నాను, మా ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి కూరగాయలు దింపి తిరిగి వస్తున్న బొలెరో ట్రాలీ ఆయన దయతలిచాడు. 1,500 తీసుకుని అచ్చంపేట దాకా తెచ్చాడు.

అచ్చంపేటలో మెకానిక్ ఎడమ వైపు కిక్ రాడ్డు ఉండే పెద్ద కవరు విప్పాడు. లోపలి నుంచి నల్లటి పొడి, దారాలు రాలాయి. బెల్టు ముక్కలు చేతిలోకి తీసుకుంటే కొబ్బరి పీచులా విడిపోయాయి. "అన్నా, ఇది కంపెనీ నుంచి వచ్చిన బెల్టే. ఎన్నడూ మార్చలే. బండి 16,000 తిరిగిందంటే నేను నమ్మ" అన్నాడు. తర్వాత రోలర్లు తీసి నా అరచేతిలో పెట్టాడు. గుండ్రంగా ఉండాల్సినవి ఒక పక్క పూర్తిగా అరిగి చదునైపోయాయి. టేబుల్ మీద పెడితే దొర్లలేదు, అలాగే కూర్చున్నాయి.

ఇది చాలామందికి తెలియదు కాబట్టి కాస్త చెబుతాను. గేర్లు లేని స్కూటర్‌కు బైకులా చైన్ ఉండదు. ఇంజను బలం అంతా ఒక రబ్బరు బెల్టు మీదుగా వెనక చక్రానికి వెళ్తుంది. ముందు పుల్లీలో ఉండే రోలర్లు స్పీడు పెరిగేకొద్దీ బయటికి జరిగి బెల్టును పైకి నెడతాయి. రోలర్లు చదునైతే సరిగా జరగవు, బెల్టు జారుతూ వేడెక్కుతుంది. ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగి ఆగి వెళ్తాం కాబట్టి ఆ వేడి తగ్గుతూ ఉంటుంది. ఇద్దరి బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు తగ్గే అవకాశం లేదు. సాధారణంగా 20,000 నుంచి 24,000 కిలోమీటర్ల మధ్య బెల్టు మార్చాలి. మీ బండి పుస్తకంలో ఎంత రాసి ఉందో అదే పాటించండి. బెల్టు తెగితే తాత్కాలికంగా కట్టుకుని నడిపే మార్గం ఏదీ లేదు, పంక్చర్ లాంటిది కాదు అది.

బెల్టు తెగడం కన్నా నాకు ఎక్కువ భయం వేసింది ఇంకొకటి చూశాక. మెకానిక్ వెనక చక్రం కూడా విప్పాడు. బ్రేకు షూలు, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రాన్ని పట్టి ఆపే ముక్కలు, దాదాపు లోహం దాకా అరిగిపోయాయి. బెల్టు తెగకుండా ఈగలపెంట దాటి ఉంటే అక్కడి నుంచి డ్యాం దాకా అంతా మలుపుల దిగుడే. బైకును సెకండ్ గేరులో వేసి ఇంజనుతో ఆపుకుంటూ దించినట్టు స్కూటర్‌ను దించలేం. స్పీడు బాగా తగ్గితే క్లచ్ విడిపోయి బండి దానంతట అదే జారుతుంది, భారమంతా బ్రేకుల మీదే. పాత డ్రమ్ బ్రేకులు అదే పనిగా నొక్కి ఉంచితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఆ షూలతో, వెనక మా ఆవిడతో, ఆ మలుపుల్లో... అందుకే బెల్టు తెగిన చోటుకు మనసులో దండం పెట్టుకున్నాను.

బెల్టు, రోలర్లు, షూలు, మజూరీ, ట్రాలీ ఖర్చు కలిపి 4,000 దాటింది. శ్రీశైలం వెళ్లలేదు. మర్నాడు మెల్లగా ఇంటికి వచ్చేశాం.

వచ్చాక ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఆర్‌సీ తీసుకెళ్లి బండి నంబరు చెప్పాను. వాళ్ల కంప్యూటర్‌లో 2021 నాటి సర్వీసు దగ్గరే 27,900 కిలోమీటర్లు ఉంది. నాకు 2024లో అమ్మిన బండి మీటరు మీద 16,000! ఎవరు తిప్పారో నేను చెప్పలేను. షాపాయన పాత ఓనర్ మీదకు తోశాడు. "సెకండ్ హ్యాండ్ బండికి గ్యారంటీ ఏముంటది అన్నా, ఉన్నది ఉన్నట్టు తీసుకుంటున్నా అని సంతకం పెట్టినవ్ కదా" అన్నాడు. నిజమే, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు, నేను చదవలేదు. బెల్టు డబ్బులు ఇస్తాను వదిలేయమన్నాడు. తీసుకోలేదు. గొడవ బెల్టు ధర గురించి కాదు కదా.

కాబట్టి పాత స్కూటర్ కొనే ప్రతి ఒక్కరికీ నా విన్నపం. డబ్బు ఇచ్చేముందు బండి నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చరిత్ర అడగండి. అమ్మే మనిషిని వెంట తీసుకెళ్లండి. వెళ్లడానికి ఒప్పుకోకపోతే ఆ బండి వద్దు. మీకు తెలిసిన మెకానిక్‌తో ఎడమ కవరు విప్పించండి, అరగంట పని. బెల్టు పాడై ఉంటే వంచి చూసినప్పుడు పళ్ల మధ్య పగుళ్లు కనబడతాయి. వెనక బ్రేకు లివర్ దగ్గర చిన్న బాణం ఉంటుంది, బ్రేకు నొక్కినప్పుడు అది డ్రమ్ము మీది గుర్తుదాకా వస్తే షూలు అయిపోయినట్టే. టైరు మీద నాలుగు అంకెలు వెతకండి. నా బండి ముందు టైరు మీద 1217 అని ఉంది, అంటే 2017లో 12వ వారంలో తయారైంది. గాడి బాగానే కనిపించింది కానీ రబ్బరు గట్టిపడి పక్కన సన్నని బీటలు వచ్చాయి. ఇవన్నీ చూశాక ఇద్దరు కూర్చుని ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కి, ఒక ఇరవై కిలోమీటర్లు ఆపకుండా నడిపి చూడండి. కదిలేటప్పుడు కుదుపు, యాభై మీద వణుకు, రబ్బరు వాసన, ఈ మూడింటిలో ఒక్కటి వచ్చినా తేలిగ్గా తీసుకోవద్దు.

కాగితాల సంగతి కూడా. పాత బళ్లు అమ్మే డీలర్లు రవాణా శాఖ నుంచి అనుమతి పత్రం తీసుకోవాలనే నిబంధన 2023 ఏప్రిల్ నుంచి ఉంది. అది చూపించమని అడగండి. నేను ఆలస్యంగా అడిగాను, చూపించలేదు. మీటరు రీడింగు బిల్లు మీద రాయించుకోండి. "లాంగ్ డ్రైవ్‌కు ఓకే" లాంటి మాటలు నోటితో కాకుండా వాట్సాప్‌లో పెట్టించుకోండి. నా దగ్గర అలాంటి మెసేజ్ ఒకటి ఉండబట్టే ఇప్పుడు మాట్లాడగలుగుతున్నాను.

చిన్న స్కూటర్ మీద దూరం వెళ్లకూడదని నేను అనడం లేదు. బాగున్న బండి మీద మా బావమరిది అదే దారిలో వెళ్లొచ్చాడు. కానీ దానికి వేరే జాగ్రత్త కావాలి. ఇంజన్ ఆయిల్ లీటరు కూడా పట్టదు కాబట్టి ఓ పావు లీటరు తగ్గినా ఇంజనుకు పెద్ద దెబ్బే, బయల్దేరే ముందు రోజు గేజ్ పుల్ల తీసి చూడండి. ట్యాంకు ఐదు లీటర్లు మాత్రమే, అడవిలో బంకు దొరుకుతుందన్న ధైర్యంతో వెళ్లొద్దు, మన్ననూరు లోపే నింపుకోండి. గంటకోసారి ఆపి పది నిమిషాలు చల్లారనివ్వండి. దిగేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి, నొక్కుతూ వదులుతూ దిగండి. రాత్రి గేటు మూసేలోపు అడవి దాటగలిగితేనే లోపలికి వెళ్లండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. షాపు వాళ్లు ఇంకా జవాబు ఇవ్వలేదు. సర్వీసు చరిత్ర ప్రింటు, వాట్సాప్ మెసేజ్, మెకానిక్ బిల్లు ఒక ఫైల్లో పెట్టాను. తెగిన బెల్టు, ఆ ఆరు రోలర్లు కూడా కవర్లో కట్టి ఉంచాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే అవి వాళ్ల ముందు పెడతాను.